రీడ్-ఓన్లీ డిస్క్ మీద గిట్ స్టేటస్: వాడి చూసి రాస్తున్న రివ్యూ

రాయడానికి వీల్లేని ఫైల్ సిస్టమ్ మీద రిపాజిటరీ (కోడ్, దాని మార్పుల చరిత్ర కలిసి ఉండే ఫోల్డర్) ఉంది, అందులో ఏం మారిందో తెలుసుకోవాలి, మీ అవసరం ఇదైతే ఇవాళ దొరికే టూల్స్‌లో గిట్ స్టేటస్‌నే (కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, ఏ ఫైళ్లు మారాయో చెప్పే కమాండ్) నేను ముందు చెబుతాను. ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్పడానికే ఈ రివ్యూ ఇంత పొడుగైంది. ఎందుకంటే దీనిలో ఉన్న లోపం ఎర్రర్‌లా కనపడదు, ఆలస్యంలా కనపడుతుంది. దాంతో చాలామంది డిస్క్ నెమ్మదిగా ఉందనో, కంటైనర్ (ప్రోగ్రామ్‌ని మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి నడిపే పెట్టె లాంటిది) బరువెక్కిందనో అనుకుని వదిలేస్తారు. కారణం మాత్రం వేరే చోట ఉంటుంది, దానికి మందు కూడా ఉంది.

ఎవరికి కావాలి ఇది? సోర్స్ ఫోల్డర్‌ని కంటైనర్‌లోకి రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి (అంటే అక్కడ కనపడేలా తగిలించి) బిల్డ్ నడిపేవాళ్లకి, బ్యాకప్ స్నాప్‌షాట్‌లోకి దిగి అప్పట్లో కమిట్ చేయని (చరిత్రలో భద్రపరచని) మార్పులు ఏమున్నాయో వెతికేవాళ్లకి, కోడ్‌ని స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (కుదించిన, చదవడానికి మాత్రమే వీలున్న ఫైల్ సిస్టమ్) ఇమేజ్‌లో పెట్టి పంపిణీ చేసేవాళ్లకి. మామూలుగా ఇంట్లో లాప్‌టాప్ మీద పనిచేసుకునేవాళ్లకి ఈ గొడవ ఎప్పుడూ ఎదురుకాకపోవచ్చు.

మొదట అందరికీ వచ్చే అనుమానం ఇది: స్టేటస్ అంటే ఉన్నది చూసి చెప్పడమే కదా, అది డిస్క్ మీద రాయడం ఎందుకు? గిట్‌కి ఇండెక్స్ అని ఒక ఫైల్ ఉంటుంది, .గిట్ ఫోల్డర్‌లో. ట్రాక్ చేస్తున్న ప్రతి ఫైల్‌కీ దాని సైజు, ఎంటైమ్ (కంటెంట్ చివరగా మారిన సమయం), సీటైమ్ (కంటెంట్ గానీ పర్మిషన్లలాంటి వివరాలు గానీ చివరగా మారిన సమయం), ఐనోడ్ నంబర్ (ఫైల్ సిస్టమ్ ఆ ఫైల్‌కి ఇచ్చే నంబర్), యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ, మోడ్, వాటితో పాటు లోపలి కంటెంట్ హ్యాష్ (కంటెంట్ నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటిది) అందులో రాసి పెట్టుకుంటుంది. స్టేటస్ అడిగినప్పుడు ప్రతి ఫైల్ మీదా స్టాట్ కాల్ చేసి (ఫైల్ తెరవకుండానే ఈ వివరాలు సిస్టమ్‌ని అడిగి), వచ్చిన వివరాలు ఇండెక్స్‌లో ఉన్నవాటితో సరిపోతే ఆ ఫైల్‌ని తెరవకుండానే "మారలేదు" అని ముందుకెళ్తుంది. సైజు ఒకటే అయి మిగతావి సరిపోకపోతే ఫైల్ మొత్తం చదివి హ్యాష్ లెక్కకట్టాలి. లెక్కకట్టాక కంటెంట్ మారలేదని తేలితే, కొత్త స్టాట్ వివరాలు ఇండెక్స్‌లో రాసేస్తుంది, వచ్చేసారి మళ్లీ చదివే పని ఉండకూడదని. అలా రాయడానికి, అదే సమయంలో ఇంకెవరూ రాయకుండా ఇండెక్స్.లాక్ అనే ఫైల్ సృష్టించి, కొత్త ఇండెక్స్ అందులో రాసి, పేరు మార్చి పాతదాని స్థానంలో పెడుతుంది. స్టేటస్ డిస్క్ మీద చేసే రాత అంతా ఇంతే. ఈ రాత లేకపోయినా జవాబు ఏమీ మారదు, ఎందుకంటే జవాబు అప్పటికే మెమరీలో తయారైపోయింది. గిట్ మాన్యువల్ పేజీలో కూడా ఇది వేగం కోసం చేసే పనే తప్ప తప్పనిసరి కాదని స్పష్టంగా రాసి ఉంది.

ఇక్కడ గిట్ నాకు ఎందుకు నచ్చిందంటే, లాక్ దొరకకపోతే అది గోల చేయదు. రీడ్-ఓన్లీ మౌంట్ మీద లాక్ ఫైల్ సృష్టించడం కుదరదు కాబట్టి ఆ రాతని పక్కన పెట్టేసి, లెక్క తేల్చిన జవాబు మీకు చూపిస్తుంది, ఎగ్జిట్ కోడ్ కూడా మామూలుగానే 0 (అంటే ఎర్రర్ లేదని) వస్తుంది. మీరు ఏ ఆప్షనూ ఇవ్వక్కర్లేదు. మొదట్నుంచీ ఇలా లేదు. పాత వర్షన్లలో స్టేటస్ అంటే లోపల కమిట్ డ్రై-రన్నే (నిజంగా కమిట్ చేయకుండా, చేస్తే ఏమవుతుందో చూపడం), కమిట్‌కి లాక్ తప్పనిసరి కాబట్టి స్టేటస్‌కీ అదే గతి పట్టేది. 2010 ఫిబ్రవరిలో వచ్చిన 1.7.0తో స్టేటస్ కమిట్ నుంచి విడిపోయి తన కాళ్ల మీద తను నిలబడింది, రిపాజిటరీలో రాసే హక్కు లేకపోయినా జవాబు చెప్పాలి అన్న మార్పు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. చాలా సరైన నిర్ణయం. స్టేటస్ అడిగిన మనిషికి కావలసింది స్టేటస్, ఇండెక్స్ బాగుపడటం కాదు.

ఆ తర్వాత 2017 అక్టోబర్‌లో 2.15 వర్షన్‌లో నో-ఆప్షనల్-లాక్స్ అనే ఆప్షన్ వచ్చింది. దీన్ని గిట్ అన్న పదానికీ స్టేటస్ అన్న పదానికీ మధ్యలో పెట్టాలి, స్టేటస్ తర్వాత పెడితే పనిచేయదు. గిట్_ఆప్షనల్_లాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 0 ఇచ్చినా అదే ఫలితం. తప్పనిసరి కాని లాక్ ఏదైనా సరే అసలు ప్రయత్నించొద్దు అని దీని అర్థం. రీడ్-ఓన్లీ డిస్క్ మీద ఎలాగూ రాయలేదు కదా, మరి ఈ ఆప్షన్ ఎందుకు అంటే, ఇది ఎక్కువగా పనికొచ్చేది రాయగలిగే చోట, కానీ రాయకూడని చోట. ఎడిటర్ వెనకాల నిమిషానికోసారి స్టేటస్ నడుపుతుంటే, అదే క్షణంలో మీరు టెర్మినల్‌లో కమిట్ కొడితే ఇండెక్స్.లాక్ ఇప్పటికే ఉందని కమిట్ ఆగిపోతుంది. అందుకే వీఎస్ కోడ్ అనే ఎడిటర్ స్టేటస్ అడిగేటప్పుడు ఈ వేరియబుల్‌కి 0 పెట్టే అడుగుతుంది. మీరు స్క్రిప్ట్ రాస్తుంటే మీరూ అలవాటు చేసుకోండి. ఆ స్క్రిప్ట్ రేపు రీడ్-ఓన్లీలో నడిచినా, మామూలు డిస్క్ మీద నడిచినా ఒకేలా ప్రవర్తిస్తుంది.

దీనికి లినక్స్ కెర్నల్ బిల్డ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. సెట్‌లోకల్‌వర్షన్ అనే స్క్రిప్ట్, సోర్స్‌లో కమిట్ చేయని మార్పులుంటే వర్షన్ పేరు చివర డర్టీ అని తగిలిస్తుంది. దానికోసం డిఫ్-ఇండెక్స్ (గిట్‌లో తేడాలు చూపే ఒక కమాండ్) వాడితే అది ఇండెక్స్‌ని తాజా చేయదు కాబట్టి, ఏమీ మారకపోయినా డర్టీ అని చెప్పే ప్రమాదం ఉంది. పోనీ స్టేటస్ వాడదామంటే అది సోర్స్ ఫోల్డర్‌లో రాస్తుంది, బిల్డ్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని సోర్స్‌ని ముట్టుకోకూడదు అనుకునేవాళ్లకి అది కుదరదు. 2018లో దీనికి దొరికిన పరిష్కారం నో-ఆప్షనల్-లాక్స్‌తో స్టేటస్ నడపడం, ఆ ఆప్షన్ లేని పాత గిట్ అయితే డిఫ్-ఇండెక్స్‌కి తిరిగి వెళ్లడం. మీ సొంత బిల్డ్ స్క్రిప్ట్‌లో డర్టీ చెక్ ఉంటే ఒకసారి తెరిచి చూడండి. డిఫ్-ఇండెక్స్ గానీ డిఫ్-ఫైల్స్ గానీ ఒంటరిగా ఉంటే అది రీడ్-ఓన్లీ మౌంట్‌లో అబద్ధం చెప్పే అవకాశం చాలా ఎక్కువ. వాటికి ముందు అప్‌డేట్-ఇండెక్స్ రిఫ్రెష్ (ఇండెక్స్‌ని తాజా చేసే కమాండ్) పెట్టి ఉంటే, అదీ కుదరదు, ఎందుకంటే ఇండెక్స్‌లో ఏదైనా రాయాల్సి వస్తే ఆ కమాండ్‌కి లాక్ తప్పనిసరి, రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్ అని చెప్పి ఆగిపోతుంది. డిస్క్రైబ్ డర్టీ (డర్టీ ఆప్షన్‌తో వర్షన్ పేరు చెప్పే గిట్ కమాండ్) అయితే ఫర్వాలేదు, అది కూడా స్టేటస్ లాగే దొరికితే రాస్తుంది, దొరక్కపోతే వదిలేస్తుంది.

ఇప్పుడు కోసిన ఆ మార్కు సంగతికి వద్దాం.

రాయలేకపోతే వదిలేస్తుంది అన్నాను కదా, ఆ వదిలేయడం వల్ల ఏమవుతుందంటే, ఇండెక్స్‌లోని స్టాట్ వివరాలు ఒకసారి తప్పిపోతే ఇక ఎప్పటికీ తప్పే. స్టేటస్ కొట్టిన ప్రతిసారీ ప్రతి ఫైల్‌నీ తెరిచి, చదివి, హ్యాష్ కట్టి, "ఏమీ మారలేదు" అని తేల్చి, ఆ కష్టాన్ని గాలికి వదిలేసి, మళ్లీ అడిగితే మళ్లీ మొదట్నుంచి. చిన్న రిపాజిటరీలో మీకు తెలియను కూడా తెలియదు. పెద్దదైతే, అందులోనూ నెట్‌వర్క్ మీద మౌంట్ అయి ఉంటే, ప్రతి స్టేటస్‌కీ ఫైళ్లన్నీ నెట్‌వర్క్ దాటి రావాలి. నన్ను బాధపెట్టే విషయం ఏంటంటే గిట్ దీని గురించి ఒక్క ముక్క చెప్పదు. రిఫ్రెష్ ఆలస్యమైతే "రిఫ్రెష్ ఇండెక్స్" అని శాతం చూపిస్తుంది, నిజమే. ట్రాక్ చేయని ఫైళ్ల వెతుకులాటకి ఎక్కువ టైం పడితే ఇన్ని సెకన్లు పట్టింది, ఫలానా ఆప్షన్ పెట్టుకో అని సలహా కూడా ఇస్తుంది. మరి "లెక్క కట్టాను కానీ దాచుకోలేకపోయాను, వచ్చేసారి కూడా ఇంతే టైం పడుతుంది" అని ఒక్క లైను చెబితే ఎంత బాగుంటుంది! ఆ లైను లేనందుకే నాలుగు.

కారణం ఇదే అని ఖాయం చేసుకోవాలంటే గిట్_ట్రేస్2_పెర్ఫ్ అనే వేరియబుల్‌కి 1 ఇచ్చి స్టేటస్ నడపండి. 2.22 నుంచీ ఉంది ఇది. ఏ దశకి ఎంత టైం పట్టిందో వరసగా వస్తుంది. రిఫ్రెష్ అన్న దగ్గర టైం అంతా పోతుంటే మీ జబ్బు ఇదే. అన్‌ట్రాక్డ్ అన్న దగ్గర పోతుంటే అది వేరే కథ, స్టేటస్‌కి యూనో ఆప్షన్ ఇస్తే ట్రాక్ చేయని ఫైళ్ల కోసం వెతకడం మానేస్తుంది, చాలా స్క్రిప్ట్‌లకి ఆ వివరం అక్కర్లేదు కూడా.

స్టాట్ వివరాలు ఎందుకు తప్పుతాయి అన్నది రీడ్-ఓన్లీ డిస్క్ ఎలా తయారైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది, నా వరకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఉపయోగపడిన అవగాహన ఇదే. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలా నిలిపిన రూపం) తీసుకోండి, లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో రీడ్-ఓన్లీ స్నాప్‌షాట్. వాటిలో ఐనోడ్ నంబర్లు, సీటైమ్, ఎంటైమ్ అన్నీ అసలు డిస్క్ మీద ఉన్నట్టే ఉంటాయి. డివైస్ నంబర్ మాత్రం మారుతుంది, కానీ గిట్ మామూలు బిల్డ్‌లో డివైస్ నంబర్‌ని పోల్చదు. కాబట్టి స్నాప్‌షాట్‌లో స్టేటస్ అసలు రిపాజిటరీలో ఎంత వేగమో అంతే వేగం. అదే డిస్క్‌ని రీడ్-ఓన్లీగా రీమౌంట్ చేసినా, బైండ్ మౌంట్ చేసినా (ఉన్న ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా కనపడేలా చేసినా) కూడా ఇంతే, ఏ ఇబ్బందీ లేదు. కానీ కాపీ చేసి తయారుచేసినదైతే కథ మారుతుంది. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌లో ఐనోడ్ నంబర్లు కొత్తవి, సీటైమ్ అన్నది విడిగా దాచనే దాచదు, ఎంటైమ్‌నే చూపిస్తుంది. టార్ (ఫైళ్లన్నీ ఒకే ప్యాకెట్‌గా కట్టే టూల్) నుంచి విప్పినా, ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో తెచ్చినా ఎంటైమ్ కాపాడుకోవచ్చు గానీ సీటైమ్, ఐనోడ్ కాపాడటం ఎవరి వల్లా కాదు. దాంతో గిట్ కళ్లకి ప్రతి ఫైలూ అనుమానాస్పదమే.

దీనికి విరుగుడు రెండు సెట్టింగులు. కోర్.చెక్‌స్టాట్ విలువ మినిమల్ అని, కోర్.ట్రస్ట్‌సీటైమ్ విలువ ఫాల్స్ అని. మొదటిది పెడితే ఐనోడ్, యూజర్ ఐడీ లాంటివి వదిలేసి ఎంటైమ్ సెకన్లు, సైజు మాత్రమే చూస్తుంది, రెండోది పెడితే సీటైమ్‌ని కూడా వదిలేస్తుంది. ఒక్కటే పెడితే చాలదు, రెండూ కావాలి. రీడ్-ఓన్లీలో కాన్ఫిగ్ ఫైల్ మార్చలేరు కదా అంటారా, ప్రతి కమాండ్‌కీ మైనస్ సీ ఆప్షన్‌తో అప్పటికప్పుడు ఇవ్వొచ్చు. ఇమేజ్ తయారుచేసేది మీరే అయితే మాత్రం ముందే రిపాజిటరీ కాన్ఫిగ్‌లో రాసి ప్యాక్ చేయండి, వాడేవాళ్లకి తలనొప్పి ఉండదు. దీనితో వచ్చే చిన్న రిస్క్ కూడా చెప్పాలి: సైజు మారకుండా, ఎంటైమ్‌ని వెనక్కి తిప్పి ఎవరైనా ఫైల్‌ని మారిస్తే గిట్ పట్టుకోలేదు. రీడ్-ఓన్లీ డిస్క్ మీద ఎవరూ మార్చలేరు కాబట్టి అక్కడ ఈ భయం తక్కువ, కానీ ఇమేజ్ తయారయ్యే ముందు ఎవరైనా అలా మార్చారేమో పట్టుకోవడమే మీ పని అయితే ఈ సెట్టింగులు వాడొద్దు.

ఇంకో మార్గం, నాకు ఎక్కువ నచ్చినది, ఇండెక్స్‌ని బయటికి తీసుకురావడం. గిట్_ఇండెక్స్_ఫైల్ అనే వేరియబుల్ ఉంది. .గిట్ ఫోల్డర్‌లోని ఇండెక్స్‌ని టెంప్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఈ వేరియబుల్‌లో ఆ కొత్త చోటు రాసి, స్టేటస్ కొట్టండి. లాక్ ఫైల్ ఇండెక్స్ ఉన్న చోటే పుడుతుంది కాబట్టి అది టెంప్‌లో హాయిగా పుడుతుంది, తాజా వివరాలు అక్కడే రాసుకుంటుంది, రెండోసారి నుంచి స్టేటస్ చటుక్కున వస్తుంది. అసలు రిపాజిటరీలో ఒక్క బైట్ కూడా మారదు. ఏ రూట్ (అడ్మిన్) హక్కులూ అక్కర్లేదు, ఏ మౌంటూ అక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ వేరియబుల్‌ని షెల్ మొత్తానికి ఎక్స్‌పోర్ట్ చేసి వదిలేయకూడదు, వేరే రిపాజిటరీలోకి వెళ్లినప్పుడు కూడా గిట్ అదే ఇండెక్స్ చూసి ఉన్న ఫైళ్లన్నీ పోయాయని చెబుతుంది. కమాండ్ ముందు మాత్రమే తగిలించండి. నో-ఆప్షనల్-లాక్స్‌ని దీనితో కలిపి వాడొద్దు, కలిపితే కాపీ ఇండెక్స్‌లో కూడా రాయడం మానేసి మీ కష్టం వృథా అవుతుంది.

ఓవర్‌లే పెట్టొచ్చు కదా అని కొందరంటారు. కింద రీడ్-ఓన్లీ పొర, పైన టెంప్‌ఎఫ్‌ఎస్ (మెమరీలో ఉండే, రాయగలిగే ఫైల్ సిస్టమ్) పొర, రెండూ కలిసి ఒకే ఫోల్డర్‌లా కనపడతాయి. లినక్స్ 3.18 నుంచి ఓవర్‌లేఎఫ్‌ఎస్ కెర్నల్‌లోనే ఉంది. పనిచేస్తుంది, స్టేటసే కాదు, ఏ కమాండైనా పనిచేస్తుంది. కానీ మౌంట్ చేసే హక్కు కావాలి. ఒక్క స్టేటస్ కోసం ఇంత అక్కర్లేదు. బిల్డ్ కూడా అక్కడే నడపాలంటే మాత్రం అదే దారి.

గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్లని గిట్ చరిత్ర బయట దాచే ఎక్స్‌టెన్షన్) వాడేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. ఇంతవరకూ స్టేటస్ రీడ్-ఓన్లీలో ఫెయిల్ అవదు అన్నాను, ఎల్‌ఎఫ్‌ఎస్ ఉంటే ఆ మాట నిలబడకపోవచ్చు. స్టాట్ సరిపోని ఫైల్‌ని గిట్ చదివేటప్పుడు, దానికి క్లీన్ ఫిల్టర్ (గిట్‌లోకి వెళ్లే ముందు కంటెంట్‌ని మార్చే ప్రోగ్రామ్) ఉంటే ఆ ఫిల్టర్ గుండానే చదువుతుంది. ఎల్‌ఎఫ్‌ఎస్ క్లీన్ ఫిల్టర్ ఏం చేస్తుందంటే, ఫైల్‌ని .గిట్ లోపల తన తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటూ హ్యాష్ కడుతుంది. అక్కడ రాయడం కుదరదు, ఫిల్టర్ పడిపోతుంది, ఎల్‌ఎఫ్‌ఎస్ ఫిల్టర్‌ని తప్పనిసరి అని కాన్ఫిగ్‌లో గుర్తుపెట్టి ఉంటారు కాబట్టి దాని ఎర్రర్ మీ నెత్తిన పడుతుంది. అంటే చూడండి, గిట్ తన రాతని ఐచ్ఛికం చేసుకుంది గానీ, తను పిలిచే ఫిల్టర్ రాతని ఐచ్ఛికం చేయడం దాని చేతిలో లేదు. పైన చెప్పిన రెండు సెట్టింగులు ఇక్కడ వేగం కోసం కాదు, అసలు పని జరగడం కోసమే కావాలి: స్టాట్ సరిపోతే గిట్ ఫైల్ తెరవదు, ఫైల్ తెరవకపోతే ఫిల్టర్‌ని పిలవదు. నిజంగా మారిన ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైల్ ఉంటే ఫిల్టర్‌ని పిలవాల్సి రావచ్చు కాబట్టి అప్పుడు ఎల్‌ఎఫ్‌ఎస్.స్టోరేజ్ సెట్టింగుతో దాని ఫోల్డర్‌ని రాయగలిగే చోటికి మార్చండి.

పార్షియల్ క్లోన్ (కొంత కంటెంట్ సర్వర్‌లోనే వదిలి తెచ్చుకున్న రిపాజిటరీ) కూడా ఇలాంటిదే, కొంచెం అరుదు. పేరు మారిన ఫైళ్లని గుర్తుపట్టడానికి స్టేటస్‌కి పాత కంటెంట్ కావాలి, అది లోకల్‌గా లేకపోతే సర్వర్ నుంచి తెచ్చి డిస్క్ మీద పెట్టాలనుకుంటుంది, పెట్టలేదు. నో-రీనేమ్స్ ఆప్షన్ ఇస్తే ఆ అవసరమే రాదు.

ఇక కంటైనర్లలో స్టేటస్ పనిచేయట్లేదు, రీడ్-ఓన్లీ మౌంట్ వల్లే అని చెప్పేవాళ్లలో చాలామందికి అసలు సమస్య అది కాదు. ఓనర్‌షిప్. 2022 ఏప్రిల్‌లో 2.35.2 వర్షన్‌తో ఒక సెక్యూరిటీ మార్పు వచ్చింది, రిపాజిటరీ ఫోల్డర్ ఓనర్ ఒకరు, కమాండ్ నడిపే యూజర్ ఇంకొకరు అయితే గిట్ ముందుకెళ్లనంటుంది. కంటైనర్ లోపల రూట్, బయట మీ యూజర్, ఇదే చాలు ఇరుక్కోవడానికి. గో భాష వాడేవాళ్లకి ఇది ఇంకా తికమకగా కనపడుతుంది. 2022 మార్చిలో వచ్చిన గో 1.18 నుంచి, గో బిల్డ్ తనంతట తనే గిట్ స్టేటస్ నడిపి ఆ వివరం బైనరీలో ముద్రిస్తుంది, అది కుదరకపోతే "ఎర్రర్ అబ్‌టైనింగ్ వీసీఎస్ స్టేటస్: ఎగ్జిట్ స్టేటస్ 128" అని బిల్డ్‌నే ఆపేస్తుంది. ఆ మెసేజ్‌లోనే బిల్డ్‌వీసీఎస్ ఫాల్స్ పెట్టుకో అని సలహా ఉంటుంది, చాలామంది అదే చేసి బైనరీలో వర్షన్ వివరం పోగొట్టుకుంటారు. అలా చేయకండి. సేఫ్.డైరెక్టరీ అనే సెట్టింగులో ఆ ఫోల్డర్ దారి రాస్తే చాలు. ఇది రిపాజిటరీ సొంత కాన్ఫిగ్‌లో రాస్తే గిట్ లెక్కచేయదు, గ్లోబల్‌లో గానీ సిస్టమ్ కాన్ఫిగ్‌లో గానీ ఉండాలి. హోమ్ ఫోల్డర్ కూడా రీడ్-ఓన్లీ అయితే ఇమేజ్ కట్టేటప్పుడే సిస్టమ్ కాన్ఫిగ్‌లో పెట్టేయండి, లేదా గిట్_కాన్ఫిగ్_గ్లోబల్ వేరియబుల్‌తో గ్లోబల్ ఫైల్‌ని వేరే చోట చూపించండి.

టెస్ట్ చేసేవాళ్లకి ఒక మాట. ఛ్‌మోడ్‌తో రాసే పర్మిషన్ తీసేసి "రీడ్-ఓన్లీలో పనిచేసింది" అని తేల్చేయకూడదు. రూట్ యూజర్‌కి ఆ పర్మిషన్లు అడ్డే కాదు, కంటైనర్‌లో మీరు రూటే అయి ఉండొచ్చు, అప్పుడు టెస్ట్ అసలు ఏమీ టెస్ట్ చేసినట్టు కాదు. రూట్ కాకపోయినా కెర్నల్ ఇచ్చే ఎర్రర్ వేరు: పర్మిషన్ లేకపోతే లినక్స్‌లో నంబర్ 13, ఫైల్ సిస్టమే రీడ్-ఓన్లీ అయితే నంబర్ 30. కొన్ని టూల్స్ 13ని ఓర్చుకుని 30కి కుప్పకూలతాయి, ఎందుకంటే రాసినవాళ్లు 13 ఒక్కదాన్నే పట్టుకున్నారు. నిజమైన రీడ్-ఓన్లీ బైండ్ మౌంట్ మీదే చూడండి, అక్కడ రూట్‌కి కూడా రాయడం కుదరదు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి, స్టేటస్‌తో పాటు దాని చుట్టాలు కూడా రీడ్-ఓన్లీలో బాగా పనిచేస్తాయి. డిస్క్‌లో లోపాలు వచ్చి కెర్నల్ దాన్ని రీడ్-ఓన్లీకి మార్చేసిన సందర్భం అనుకోండి, కమిట్ కుదరదు, స్టాష్ (మార్పుల్ని తాత్కాలికంగా పక్కన దాచడం) కుదరదు. కానీ డిఫ్ హెడ్‌ని (చివరి కమిట్‌తో తేడాలు చూపే కమాండ్‌ని) బైనరీ ఆప్షన్‌తో నడిపి ఫలితాన్ని ఇంకో డిస్క్ మీద ప్యాచ్ ఫైల్‌గా పంపొచ్చు. ఎల్‌ఎస్-ఫైల్స్‌తో ట్రాక్ చేయని ఫైళ్ల జాబితా తీసి టార్‌కి ఇవ్వొచ్చు. డిస్క్ అదే కాబట్టి స్టాట్ వివరాలన్నీ సరిపోతాయి, మారిన ఫైళ్లని మాత్రమే చదువుతుంది, పాడైపోతున్న డిస్క్ మీద అనవసరంగా ప్రతి ఫైల్‌నీ తిరగేయదు. ఇది నిజంగా ప్రాణం లేచొచ్చే విషయం.

మిగతా టూల్స్ సంగతి, అంటే గిట్ లాగే మార్పుల చరిత్ర దాచే మెర్క్యూరియల్, సబ్‌వర్షన్, ఫాసిల్, జుజుట్సు. మెర్క్యూరియల్ స్టేటస్ కూడా గిట్ దారిలోనే, లాక్ కోసం ఎదురుచూడకుండా ఒకసారి ప్రయత్నించి, దొరక్కపోతే వదిలేస్తుంది. పైగా దాని పాత డిర్‌స్టేట్ (గిట్ ఇండెక్స్ లాంటి ఫైల్) ఫార్మాట్‌లో మోడ్, సైజు, ఎంటైమ్ తప్ప ఐనోడ్, సీటైమ్ ఉండవు. కాబట్టి ఎంటైమ్ కాపాడి తీసిన ఇమేజ్‌లో ఏ సెట్టింగూ లేకుండానే వేగంగా ఉంటుంది, ఈ ఒక్క విషయంలో గిట్ కంటే మెరుగు. సబ్‌వర్షన్ 2011లో వచ్చిన 1.7 నుంచి వర్కింగ్ కాపీ (మీరు పనిచేసే ఫైళ్ల ఫోల్డర్) వివరాలన్నీ ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెడుతోంది. స్టేటస్ టైమ్‌స్టాంపుల్ని సరిచేయాలని చూడదు, ఆ పని క్లీనప్ కమాండ్‌ది, కాబట్టి ఇమేజ్ తీసే ముందే క్లీనప్ నడపడం మంచిది. అక్కడ అసలు ప్రమాదం ఎస్‌క్యూలైట్ జర్నల్ ఫైల్, అంటే రాత మధ్యలో ఆగితే వెనక్కి తిప్పడానికి దాచుకునేది. రాత మధ్యలో ఏదైనా ఆగిపోయి జర్నల్ మిగిలి ఉండగా స్నాప్‌షాట్ తీశారనుకోండి, డేటాబేస్ చదవాలంటే ముందు ఆ సగం రాతని వెనక్కి తిప్పాలి, తిప్పాలంటే రాయాలి, రీడ్-ఓన్లీలో అది జరగదు. అప్పుడు వర్కింగ్ కాపీని రాయగలిగే చోటికి కాపీ చేసుకోవడం ఒక్కటే దారి. ఫాసిల్ కూడా ఎస్‌క్యూలైట్ మీదే కట్టింది, ఎస్‌క్యూలైట్ రూపకర్త చేతి నుంచే వచ్చింది కూడా, కాబట్టి ఇదే జాగ్రత్త దానికీ వర్తిస్తుంది.

జుజుట్సు మాత్రం పూర్తిగా వేరే ఆలోచన. అందులో స్టేటస్ అడిగితే ముందు వర్కింగ్ కాపీని ఒక కమిట్‌గా స్నాప్‌షాట్ తీస్తుంది, ఆ తర్వాతే జవాబు చెబుతుంది. అంటే రాయడం అక్కడ వేగం కోసం కాదు, పని జరిగే తీరే అది. మామూలు డిస్క్ మీద ఆ తీరు నాకు చాలా ఇష్టం, చేసిన మార్పు ఏదీ ఊరికే పోదు. రీడ్-ఓన్లీలో మాత్రం ఇగ్నోర్-వర్కింగ్-కాపీ ఆప్షన్ ఇవ్వాలి. ఇచ్చాక కనపడేది చివరిసారి స్నాప్‌షాట్ తీసినప్పటి స్థితి, ఆ తర్వాత ఫైళ్లలో జరిగిన మార్పులు అందులో ఉండవు, ఆ సంగతి తెలియకుండా దాన్ని చూసి "అంతా శుభ్రంగా ఉంది" అనుకోకూడదు. గిట్‌తో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకున్న రిపాజిటరీ అయితే పక్కనే .గిట్ ఉంటుంది కాబట్టి, అక్కడ గిట్ స్టేటస్ కొట్టి చూసుకోండి, డిస్క్ మీద నిజంగా ఉన్నదేమిటో అదే చెబుతుంది.